యూజర్ తడబడుతుంటే మోడరేటర్ ఎంతసేపు నోరు విప్పకుండా ఉండాలి?

ప్రశ్న (మాదాపూర్ డిజైనర్)

నేను మాదాపూర్‌లోని ఒక చిన్న సంస్థలో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. కిరాణా దుకాణదారులు ఉద్దెర లెక్కలు రాసుకోవడానికి తెలుగులో ఒక యాప్ తయారుచేస్తున్నాము. మా దగ్గర ప్రత్యేకంగా రీసెర్చర్ ఎవరూ లేరు కాబట్టి యూజబిలిటీ టెస్టింగ్ (యూజర్ల చేత యాప్ వాడించి ఎక్కడ తడబడుతున్నారో చూడటం) సెషన్లు నడిపే మోడరేటర్ బాధ్యత నా మీద పడింది. చదవగలిగినంత చదివి, ప్రశ్నల పత్రం ఒకటి సిద్ధం చేసుకుని, గత వారం నాలుగు సెషన్లు పూర్తిచేశాను. రెండు మా ఆఫీసు మీటింగ్ గదిలో జరిగాయి, మిగిలిన రెండు బోరబండలోనూ మూసాపేటలోనూ దుకాణాల్లోనే జరిగాయి. తీరా రికార్డింగులు మళ్లీ వింటే, యూజర్ల గొంతు కంటే నా గొంతే ఎక్కువగా వినిపిస్తోంది.

ఒక సంఘటన వివరంగా చెబుతాను. బోరబండ దుకాణదారుకు నేను ఇచ్చిన పని ఇది: లక్ష్మమ్మ అనే ఖాతాదారు 340 రూపాయల సరుకు ఉద్దెరకు తీసుకెళ్లింది, దాన్ని యాప్‌లో రాయాలి. స్క్రీన్ అడుగున రెండు బటన్లు ఉంటాయి. ఎర్రదాని మీద ‘ఇచ్చారు’ అని, ఆకుపచ్చదాని మీద ‘తీసుకున్నారు’ అని ఉంటుంది. ఆయన బొటనవేలు ఆకుపచ్చ బటన్ మీదికి వెళ్లి, తాకకుండానే ఆగి, ఎర్రదాని వైపు జరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. రికార్డింగులో లెక్కపెడితే అది మొత్తం తొమ్మిది సెకన్లు. ఆ సమయంలో మాత్రం నాకు ఊపిరాడలేదు. ‘కింద ఎర్ర బటన్ ఉంది కదండీ, అదే’ అని నేనే చెప్పేశాను. ఆయన వెంటనే నొక్కి, ‘అవునవును, నేనే చూడలే’ అన్నారు. నా నోట్సులో ఆ పని ‘పూర్తయింది’ అని రాసుకున్నాను. ఇప్పుడు చూస్తుంటే ఆయన ఆ బటన్‌ను చూడకపోవడం కాదు, చూసి కూడా తేల్చుకోలేకపోయారని స్పష్టంగా తెలుస్తోంది. ఎందుకు తేల్చుకోలేకపోయారో తెలుసుకునే అవకాశాన్ని నా చేతులారా పోగొట్టుకున్నాను.

ఇక మిగిలిన సందేహాలు. ‘మనసులో అనుకునేది పైకి చెబుతూ వాడండి’ అని మొదట్లోనే చెప్పినా ఇద్దరు పూర్తిగా మౌనంగా ఉండిపోయారు. చివర్లో ‘ఎలా ఉంది?’ అని అడిగితే నలుగురూ ‘బాగుందండీ’ అన్నారు, అందులో ఒకరు మూడు పనుల్లో రెండు పూర్తిచేయలేకపోయినవారు. వచ్చే వారం మరో విడత ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: యూజర్ చిక్కుకుపోయినప్పుడు ఎంతసేపు ఆగాలి, ఆగాక ఏమని అడగాలి?


సమాధానం 1 (గచ్చిబౌలి, పదకొండేళ్లుగా ఇదే పని)

ముందుగా ఆ తొమ్మిది సెకన్ల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నాలుగు సెషన్లలోనూ అన్నిటికంటే విలువైనవి అవే. నేను మీ యాప్ చూడలేదు కానీ మీరు రాసిన రెండు మాటలు చదవగానే నాకు ఒక అనుమానం కలిగింది. ‘ఇచ్చారు’ అన్న క్రియకు కర్త ఎవరు? ‘మీరు ఇచ్చారు’ అన్నా ‘ఆమె ఇచ్చారు’ అన్నా తెలుగులో క్రియారూపం ఒక్కటే. మీ బృందం దుకాణదారును ఉద్దేశించి ‘మీరు ఉద్దెర ఇచ్చారు’ అని అనుకుని ఉంటుంది. ఆయన మాత్రం లక్ష్మమ్మను తలచుకుని, ‘సరుకు తీసుకున్నది ఆమె కదా, మరి తీసుకున్నారు అన్నదే నొక్కాలి కదా’ అని ఆలోచించి ఉండవచ్చు. ఇదే నిజమైతే రెండు బటన్లూ తలకిందులవుతాయి, అప్పు జమగానూ జమ అప్పుగానూ నమోదవుతుంది. ఇది నా ఊహ మాత్రమే, దీన్ని తేల్చవలసింది యూజరే. ఆయన మరో పది సెకన్లు తడబడి ఏదో ఒకటి నొక్కి ఉంటే, అప్పుడు మీరు ‘ఇది నొక్కితే ఏమవుతుందని అనుకున్నారు?’ అని అడిగి ఉంటే, ఈపాటికి మీ చేతిలో సమాధానం ఉండేది.

ఎంతసేపు ఆగాలి అన్నదానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. యూజర్ ఆగిపోయినప్పుడు మనసులో ఒకటి నుంచి ఇరవై వరకు నిదానంగా లెక్కపెడతాను. ఇది శాస్త్రం చెప్పిన సంఖ్య ఏమీ కాదు, నా నోటికి నేను వేసుకున్న తాళం మాత్రమే. లెక్కపెట్టేటప్పుడు ఆయన ముఖంలోకి చూడను, చేతుల వైపు చూస్తాను. ముఖంలోకి చూస్తే వారికి మన సాయం కావాలనిపిస్తుంది, మనకూ చేయాలనిపిస్తుంది. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని గడియారం సమయం రాసుకుంటే మన చేతులకూ పని దొరుకుతుంది. వేలు కదులుతున్నంతసేపు, పెదవులు ఏదో చదువుతున్నంతసేపు ఆ మౌనం ఖాళీ మౌనం కాదు, లోపల పని జరుగుతోందని అర్థం.

లెక్క ముగిశాక నోరు విప్పవలసి వస్తే, స్క్రీన్ మీద ఉన్న ఏ మాటనూ ఏ రంగునూ మన నోటితో పలకకూడదు. ‘ఇప్పుడు దేనికోసం చూస్తున్నారు?’, ‘ఏమనుకుంటున్నారో కొంచెం పైకి చెప్పండి’ అన్నంతవరకే. యూజర్ ‘ఇది నొక్కాలా?’ అని అడిగితే, ‘మీ దుకాణంలో నేను లేనప్పుడైతే ఏం చేసేవారు?’ అని తిరిగి వారినే అడగవచ్చు. యూజర్ ‘ఇదేందో గమ్మత్తుగా ఉంది’ అని ఆగిపోతే, ‘గమ్మత్తుగా...’ అని వారి మాటనే వారికి అందించి ఊరుకుంటే చాలు, వాక్యాన్ని వారే పూర్తిచేస్తారు. ఈ చివరిది చాలా బాగా పనిచేస్తుంది కానీ ఒక్క సెషన్‌లో మూడుసార్లు మించితే వెక్కిరిస్తున్నట్టు అనిపిస్తుంది, జాగ్రత్త.

మీరు గమనించారో లేదో, మీ వాక్యంలో ‘కదండీ’ అన్న మాట ఉంది. తెలుగులో ప్రశ్న అడిగేటప్పుడు మనకు తెలియకుండానే చివర ‘కదా’ చేరుస్తాం. మాట మెత్తబడుతుంది, మర్యాదగానూ ఉంటుంది. ‘ఇది సులువుగానే ఉంది కదండీ?’ అని అడిగితే మర్యాద తెలిసిన ఏ మనిషీ ‘లేదు’ అనలేడు. అందులో ‘సులువుగానే’ అన్నచోట ఉన్న ‘నే’ కూడా సమాధానం చెప్పేస్తోంది. నా పాత రికార్డింగులు కాగితం మీద పెట్టించి ‘కదా’ అన్న ప్రతిచోటా ఎర్ర గీత గీసుకున్నాను. ఒక్క గంట సెషన్‌లో ఇరవైకి పైగా వచ్చాయి. ‘ఎలా ఉంది?’, ‘ఏం జరిగింది?’, ‘ఇందాక ఇక్కడ ఆగారు, అప్పుడు ఏమనుకున్నారు?’ అనే ప్రశ్నలకు ‘కదా’ అతకదు, అందుకే అవి క్షేమం.

ఇక పైకి చెబుతూ వాడటం గురించి. ఈ పద్ధతికి పునాది వేసినవారు ఎరిక్సన్, సైమన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు. 1980లో ఒక వ్యాసంలోనూ, 1984లో ఒక పుస్తకంలోనూ దీన్ని వివరంగా చర్చించారు. అంతలోనే 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ దీన్ని కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌ల పరిశీలనకు తెచ్చారు. ఎరిక్సన్, సైమన్ చెప్పిన దానిలో మనకు కావలసిన ముక్క ఏమిటంటే, మనిషి మనసులో ఆ క్షణంలో ఉన్నదాన్ని పైకి చెప్పమంటే ఆలోచన దారి మారదు కానీ, ‘ఎందుకు అలా చేశారు’ అని కారణం అడిగితే మారుతుంది. కారణం వెతుక్కునే క్రమంలో మనిషి అంతవరకు చూడనివి కూడా చూస్తాడు. కాబట్టి ‘ఎందుకు’ అన్న ప్రశ్నను పని ముగిసేదాకా దాచుకోండి.

వాళ్ల పద్ధతిని అక్షరాలా పాటిస్తే మోడరేటర్ ‘మాట్లాడుతూ ఉండండి’ అని గుర్తుచేయడం తప్ప ఇంకేమీ అనకూడదు. ఆచరణలో అలా ఎవరూ చేయడం లేదని, చేయనవసరం కూడా లేదని బోరెన్, రేమీ 2000లో రాశారు. మాట్లాడేవాడికి వినేవాడు ఉన్నాడన్న ఆనవాలు కావాలని వారి వాదన. మనకు ఈ సంగతి ఎవరూ నేర్పనవసరం లేదు. కథ చెప్పే అమ్మమ్మకు ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. యూజర్ మాట్లాడుతుంటే ‘ఊఁ’ అనండి, అంతే. ‘అవును’, ‘కరెక్ట్’, ‘భలే చెప్పారు’ అనవద్దు, అవి ఊ కొట్టడం కాదు, మార్కులు వేయడం. సరైన బటన్ నొక్కినప్పుడు ‘ఊఁ’ అని, తప్పు నొక్కినప్పుడు మౌనంగా ఉంటే ఆ తేడాను యూజర్ రెండో పని నాటికే పసిగడతాడు. కాబట్టి రెండు సందర్భాల్లోనూ ఒకే గొంతు ఉండాలి.

ఇద్దరు మాట్లాడనే లేదన్నారు. ఊరికే ‘పైకి చెప్పండి’ అంటే ఎవరికీ రాదు, ముందు అలవాటు చేయించాలి. ఎరిక్సన్, సైమన్ తమ ప్రయోగాల్లో ‘మీ ఇంట్లో కిటికీలు ఎన్ని ఉన్నాయో పైకి చెబుతూ లెక్కపెట్టండి’ అన్నలాంటి చిన్న పనులతో మొదలుపెట్టించేవారు. మీకు అంతకంటే మంచి సౌకర్యం ఉంది. దుకాణదారు బిల్లు కూడేటప్పుడు ‘అరవై, ముప్పై ఐదు తొంబై ఐదు, ఇరవై రెండు నూట పదిహేడు’ అని పైకే కూడతాడు. నాలుగు సరుకుల పేర్లు చెప్పి మొత్తం కట్టమనండి. కట్టాక, ‘ఇప్పుడు లెక్క ఎలా పైకి చెప్పారో ఫోన్ కూడా అలాగే చెబుతూ వాడండి’ అనండి. రెండు నిమిషాల పని.


సమాధానం 2 (ఉప్పల్, ఫీల్డ్ రీసెర్చర్)

మౌనం గురించి పైన చెప్పినవన్నీ నేనూ ఒప్పుకుంటాను. అయితే నలుగురూ ‘బాగుందండీ’ అనడానికి మీ ప్రశ్నల తీరు ఒక్కటే కారణం కాదు. అసలు కారణం మొహమాటం, అది సెషన్ మొదలుకాకముందే గదిలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇది మన ఊహ మాత్రమే కాదని చూపించిన అధ్యయనం ఒకటి ఉంది. 2012లో నికోలా డెల్, ఆమె సహచరులు బెంగళూరులో 450 ఇంటర్వ్యూలు చేశారు. రెండు వస్తువులు చూపించి ఏది బాగుందో చెప్పమన్నారు. అందులో ఒకటి ఇంటర్వ్యూ చేసేవారే తయారుచేశారని జనం అనుకునేలా చేశారు. రెండూ అచ్చంగా ఒకటే అయిన సందర్భంలో కూడా, ఎదుటి మనిషి తయారుచేసినదే బాగుందని చెప్పే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా ఉంది. అడిగేది దుబాసీతో వచ్చిన విదేశీ పరిశోధకుడైతే అది అయిదు రెట్లకు చేరింది. బెంగళూరుకీ మన ఊరికీ ఈ విషయంలో పెద్ద తేడా ఉంటుందని నేను అనుకోను. దీనర్థం మీకు సూటిగా చెప్పాలంటే, ‘ఈ యాప్ డిజైన్ చేసింది నేనే’ అని మీరు పొరపాటున కూడా అనకూడదు. ‘వేరే బృందం తయారుచేసింది, ఎక్కడెక్కడ తప్పులున్నాయో వెతికిపెట్టమని నన్ను పంపారు, తప్పు దొరికితేనే నా పని అయినట్టు’ అని నేను చెబుతాను. మీ విషయంలో అది అబద్ధమవుతుందనుకుంటే మరో సహోద్యోగి చేత సెషన్ నడిపించి మీరు పక్కన నోట్సు రాసుకోండి. తన డిజైన్‌ను తానే టెస్ట్ చేసేవారి నోరు అదుపులో ఉండటం కష్టం, అందుకు మీ తొమ్మిది సెకన్లే సాక్ష్యం.

రెండో విషయం మీరు వాడే మాటలు. మీ ఆహ్వానంలో ‘టెస్ట్’ అనో ‘పరీక్ష’ అనో ఉందా? నేను మొదట్లో అలాగే పిలిచేవాడిని. మల్కాజిగిరిలో ఒక దుకాణం నడిపే ఆవిడ గడపలోనే నిలబడి, ‘నేను ఏడో తరగతే చదివిన సార్, మా అబ్బాయిని పంపిస్తా, వాడు డిగ్రీ’ అన్నది. పరీక్ష అన్న మాటకు మన దగ్గర హాల్‌టికెట్ తప్ప వేరే అర్థం లేదు. ‘పరీక్ష మీకు కాదు, యాప్‌కు’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట వినిపించాక భయం పోదు. ఇప్పుడు ‘ఈ యాప్ దుకాణంలో పనికొస్తుందో రాదో మీరు చూసి చెప్పాలి’ అని మాత్రమే అంటాను. తెలిసినవారు వాళ్లు, తెలియనివాణ్ణి నేను. వ్యాపారం విషయంలో అది నిజం కూడా.

పిలుపు కూడా ముఖ్యమే. వాళ్లు ‘సార్’, ‘మేడమ్’ అంటున్నంతసేపు విమర్శ రాదు. నేను ‘అన్నా’, ‘అక్కా’ అంటూ మొదలుపెట్టి, వారి కౌంటర్ వెనకే, వీలైతే వారి కంటే కాస్త తక్కువ ఎత్తులో కూర్చుంటాను. ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, పక్కన కూర్చుంటే ఇద్దరమూ కలిసి ఫోన్ వైపు చూస్తున్నట్టుంటుంది. ఇస్తామన్న డబ్బును ముందే చేతిలో పెట్టేయండి. చివరికి ఇస్తామంటే అది మంచి మాటకు కూలిలా మారుతుంది.

‘బాగుంది’ అన్న మాటను నేను నోట్సులోనే రాయను. ‘పర్వాలేదు’ అంటే మాత్రం చెవులు రిక్కిస్తాను, ఎందుకంటే మొహమాటపడే మనిషి నోట అది చాలాసార్లు ‘బాగాలేదు’ అన్నదానికి మర్యాద రూపం. అభిప్రాయం అడగడానికి బదులు పక్కవారి మీదికి నెట్టి చూడండి: ‘మీ పక్క దుకాణం ఆయన దీన్ని వాడితే ఎక్కడ ఇబ్బంది పడతాడు?’ అప్పుడు తమ ఇబ్బందులన్నీ ఆయన పేరు మీద చెబుతారు. ఈ మొహమాటాన్ని దాటడానికే అపలా లాహిరి చవాన్ మన దేశంలో సినిమా కథలాంటి నాటకీయమైన సన్నివేశంలో యూజర్‌ను నిలబెట్టి పని చేయించే పద్ధతిని ప్రతిపాదించారు. దానికి బాలీవుడ్ పద్ధతి అన్న పేరు వచ్చింది. నేను రెండుసార్లు ప్రయత్నించాను. యువకులతో పండింది. ఉద్దెర లెక్కల్లో మునిగిన నడివయసు దుకాణదారుతో మాత్రం పండలేదు. ఆయనకు బాకీ వసూలు చేయడం కంటే పెద్ద నాటకం అక్కర్లేదు.

మాట్లాడనివారికి మరో ఉపాయం, ఇద్దరిని కలిపి కూర్చోబెట్టడం. 1986లో నవోమి మియాకే అనే పరిశోధకురాలు ఇద్దరిద్దరిని కలిపి కుట్టుమిషన్ ఎలా పనిచేస్తుందో తేల్చుకోమని, వాళ్ల మాటల నుంచి వాళ్ల అవగాహన ఎలా ఎదుగుతోందో చూశారు. ఇద్దరు ఉంటే పైకి చెప్పమని అడగనవసరం లేదు, వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. కిరాణా దుకాణం చాలాచోట్ల భార్యాభర్తలు కలిసి నడుపుతారు కాబట్టి ఇది మీకు సరిగ్గా సరిపోతుంది. ఫోన్ మాత్రం ఆవిడ చేతికివ్వండి. ఆయన చేతికిస్తే ఆవిడ మాట్లాడరు.

దుకాణంలో సెషన్ మధ్యలో గిరాకీ వస్తే విసుక్కోవద్దు. పది రూపాయల చాయ్‌పత్తా కోసం వచ్చిన పిల్లవాడి వల్ల ఆయన సగంలో ఫోన్ కింద పెట్టి, తూకం వేసి, చిల్లర ఇచ్చి, మళ్లీ ఫోన్ తీస్తే స్క్రీన్ ఎక్కడ ఉంది, సగం రాసిన లెక్క ఉందా పోయిందా అన్నది మీ మీటింగ్ గదిలో ఎన్నటికీ కనిపించదు. నేనైతే ఆఫీసు సెషన్లు మానేసి నాలుగూ దుకాణాల్లోనే పెడతాను, మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య.


సమాధానం 3 (కూకట్‌పల్లి, టెస్టింగ్ నుంచి రీసెర్చ్‌కు వచ్చినవాణ్ణి)

మౌనాన్ని మరీ వ్రతంలా చేసుకోవద్దని నా మనవి. మొదటి పనిలోనే చిక్కుకుపోయిన మనిషిని అలాగే వదిలేస్తే, మిగిలిన పనులు చూసే అవకాశం ఉండదు. పైగా ఆయన అవమానపడి ఇంటికి వెళతాడు. ఒకసారి ఒక పెద్దాయన పదిహేను నిమిషాలు ఒకే స్క్రీన్ దగ్గర చెమటలు తుడుచుకుంటుంటే, నియమం పేరుతో నేను చూస్తూ కూర్చున్నాను. ఆయన లేస్తూ ‘నా వల్ల మీ సమయం పాడైంది బాబూ’ అన్నారు. ఆ రోజు నుంచి సాయాన్ని మెట్లుగా విడదీసుకున్నాను. మొదటి మెట్టు, పని ఏమిటో మళ్లీ చదివి వినిపించడం. రెండోది, ‘ఈ స్క్రీన్ మీద ఇంకేమైనా ఉందా చూడండి’ అనడం. మూడోది, చూపించేయడం. ఏ మెట్టు దగ్గర పని అయిందో నోట్సులో రాస్తాను, మూడో మెట్టుకు వెళితే ఆ పని విఫలమైనట్టే లెక్క. మీ బోరబండ సెషన్‌లో మీరు చెప్పడం కంటే, చెప్పాక ‘పూర్తయింది’ అని రాసుకోవడం పెద్ద తప్పు. ఇప్పుడైనా దాన్ని కొట్టేయండి.

ఎవరైనా వచ్చి ‘టెస్టింగ్‌కు అయిదుగురు యూజర్లు చాలట కదా’ అంటారు కాబట్టి ఒక మాట. నీల్సన్, లాండౌర్ 1993లో ఇచ్చిన సూత్రంలో ఒక్కొక్క యూజర్ సగటున 31 శాతం సమస్యలు బయటపెడతాడని అనుకుంటేనే అయిదుగురితో 85 శాతం వరకు వస్తాయి. మోడరేటర్ ‘ఎర్ర బటన్’ అని అందించిన చోట ఆ యూజర్ లెక్కలోకే రాడు. అయిదుగురిని పిలిచి ఇద్దరి లెక్క తెచ్చుకోవడం అవుతుంది.

చివర్లో మార్కుల పత్రం ఇవ్వాలని ఉంటే ఒక హెచ్చరిక. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నావళిలో ఒక వాక్యం మెచ్చుకోలుగా, తర్వాతిది విమర్శగా వస్తాయి. దాన్ని తెలుగులోకి మార్చి ‘ఈ యాప్ అనవసరంగా చిక్కుగా ఉంది: ఒప్పుకోను’ అనిపించాలంటే సగం మంది తలపట్టుకుంటారు. దానికంటే ప్రతి పని తర్వాత ‘ఇది ఎంత కష్టంగా, ఎంత సులువుగా అనిపించింది?’ అని ఒక్క ప్రశ్న ఏడు గళ్లలో అడగడం మేలు.


ప్రశ్నించినవారి మాట (మాదాపూర్ డిజైనర్)

అందరికీ ధన్యవాదాలు. ‘పూర్తయింది’ అన్నది కొట్టేశాను. బటన్ల సంగతి మా బృందంలో చెబితే, ‘ఎర్ర రంగు ఉంది కదా, అర్థమవుతుంది’ అన్నారు. అందుకే ఏమీ మార్చకుండా వచ్చే వారం అదే స్క్రీన్ మళ్లీ చూపించబోతున్నాను. ఇంకో రెండు చిక్కులున్నాయి. మా ప్రోడక్ట్ మేనేజర్ ప్రతి సెషన్‌లోనూ కూర్చుంటానంటున్నారు. మూసాపేటలో ఆయన మధ్యలో కల్పించుకుని, ఆ స్క్రీన్ ఎందుకు అలా పెట్టామో యూజర్‌కు అయిదు నిమిషాలు వివరించారు. రెండోది, దుకాణదారుల సొంత ఫోన్లలో రికార్డింగు చేయవచ్చా?


సమాధానం 1 (గచ్చిబౌలి)

ఆయన్ని రానివ్వండి, పని అప్పగించండి. ఖాళీ చేతులతో కూర్చున్న మేనేజర్ తప్పకుండా మాట్లాడతాడు. యూజర్ ఎక్కడ ఆగితే అక్కడ గడియారం చూసి సమయం రాయడం, యూజర్ అన్న మాటను అన్నది అన్నట్టుగా రాయడం ఆయన బాధ్యత అని చెప్పండి. సెషన్‌కు ముందే, ‘మీ ప్రశ్నలు చీటీ మీద రాసి చివరి అయిదు నిమిషాల్లో నాకివ్వండి, నేను అడుగుతాను’ అని మాట తీసుకోండి. దుకాణంలో ఇద్దరికి మించి వెళ్లవద్దు. ముగ్గురు వెళితే సేల్స్ ట్యాక్స్ వాళ్లు వచ్చారనుకుంటారు. ఈ మాట నవ్వుకోవడానికి రాయలేదు, బేగంబజార్‌లో మా బృందానికి నిజంగానే జరిగింది.

రికార్డింగు విషయంలో సొంత ఫోన్ వద్దు. అందులో ఆయన ఖాతాదారుల పేర్లు, నంబర్లు, ఎవరు ఎంత బాకీ అన్నవి ఉంటాయి. వాళ్లెవరూ మీకు అనుమతి ఇవ్వలేదు. మధ్యలో డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడానికి యూపీఐ తెరిచి పిన్ కొడితే ఆ నాలుగో ఆరో అంకెలు మీ వీడియోలోకి వచ్చేస్తాయి. మీ ఫోన్ తీసుకెళ్లి, అందులో లక్ష్మమ్మలాంటి కల్పిత ఖాతాలు ముందే నింపిపెట్టండి. కెమెరా చేతుల మీదికే ఉండాలి. అనుమతి పత్రాన్ని తెలుగులోనే రాసి చదివి వినిపించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, అనుమతి కోరుతూ ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో దేనిలోనైనా గాని చూసుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూల్‌లో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ‘ఎప్పుడంటే అప్పుడు ఆపేయవచ్చు, డబ్బు తిరిగి ఇవ్వనవసరం లేదు’ అన్న వాక్యం అందులో ఉండాలి. అది చదివేటప్పుడు తొందరపడకండి.


ప్రశ్నించినవారి మాట (మాదాపూర్ డిజైనర్, తొమ్మిది రోజుల తర్వాత)

ఫలితం చెబుదామని రాస్తున్నాను. నలుగురితో దుకాణాల్లోనే సెషన్లు పెట్టాము. నడిపింది మా సహోద్యోగి, నేను వెనక కూర్చుని నోట్సు రాశాను. ముగ్గురు లక్ష్మమ్మ 340 రూపాయల దగ్గర ఆగారు, అందులో ఇద్దరు ఆకుపచ్చ బటన్ నొక్కారు. పని అయ్యాక ‘ఇది నొక్కేటప్పుడు ఏమనుకున్నారు?’ అని అడిగితే, యూసుఫ్‌గూడలో దుకాణం నడిపే అక్క ఎంతో తేలిగ్గా, ‘సామాను తీసుకున్నది లక్ష్మమ్మ కదా, అందుకే తీసుకున్నారు నొక్కిన. నేనైతే తీసుకున్నా అని ఉంటుండె’ అన్నది. ఆ వాక్యం అన్నప్పుడు మా మేనేజర్ అక్కడే ఉన్నారు, గడియారం చూసి సమయంతో సహా ఆయనే రాసుకున్నారు. ఎర్ర రంగు గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

నాకు ఎదురైన కష్టం వేరు. ఆ అక్క వేలు ఆకుపచ్చ మీద నిలిచినప్పుడు నేను వెనక కూర్చుని ‘అయ్యో’ అన్నాను, రికార్డింగులో చిన్నగా వినిపిస్తుంది. ఆమె ఒక్క క్షణం తలతిప్పి చూసి మళ్లీ అదే నొక్కింది, అది నా అదృష్టం. కొత్త స్క్రీన్‌లో ‘లక్ష్మమ్మకు ఉద్దెర ఇచ్చిన’, ‘లక్ష్మమ్మ నుంచి పైసలు వచ్చినయ్’ అని రెండు బటన్లు పెట్టి గురువారం బోరబండ ఆయన దగ్గరికే మళ్లీ వెళుతున్నాము. ఖాతాదారు పేరు పొడవుగా ఉంటే బటన్‌లో పట్టడం లేదు, దానికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉంటే చెప్పండి.